చైనీస్ నేర్చుకోడానికి పాడ్‌కాస్ట్ చాలా, క్లాసు కావాలా: రెండూ వాడి చూశాక నా రివ్యూ

నేను చైనీస్ నేర్చుకుంటున్నా అని తెలిసినప్పట్నుంచి ఫ్రెండ్స్, కొలీగ్స్ అందరూ అడిగేది ఒకటే, క్లాసులో చేరాలా లేక పాడ్‌కాస్టులు వింటే సరిపోతుందా అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాసేస్తున్నా. ముందు నా సంగతి చెప్తా, దాన్నిబట్టి నా మాట ఎంతవరకు తీసుకోవాలో మీరే చూసుకోండి. మొదటి ఎనిమిది నెలలు ఒక్క పాడ్‌కాస్టులే విన్నా, పుస్తకం లేదు టీచర్ లేరు. ఆ తర్వాత ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఏడాదిన్నర నుంచి వారానికి రెండు క్లాసులకి వెళ్తున్నా, పాడ్‌కాస్టులు మాత్రం మానలేదు.

రెండూ కావాలి అని ఎవరైనా చెప్తారు, దానికి రివ్యూ అక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఏది ముందు అనేదాని గురించి. నేను పాడ్‌కాస్ట్ ముందు పెట్టుకుని క్లాసు తర్వాత పెట్టుకున్నా, దానివల్ల నోటికి పట్టిన తప్పులు వదిలించుకోడానికి నాకు దాదాపు ఆర్నెల్లు పట్టింది, కొన్ని ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టే అవకాశం వస్తే రెండు మూడు నెలలు క్లాసులో శబ్దాలు సరిచేసుకుని ఆ తర్వాతే పాడ్‌కాస్ట్ ఆన్ చేస్తా.

ఏ పాడ్‌కాస్ట్ అని అడుగుతారు కాబట్టి అది కూడా చెప్తా. భాష నేర్పే పాడ్‌కాస్టుల్లో చైనీస్‌వి చాలా ముందే వచ్చాయి. చైనీస్‌పాడ్ 2005లో షాంఘైలో మొదలైంది, అప్పటికి పాడ్‌కాస్ట్ అనే మాటే కొత్త. జెన్నీ జూ, జాన్ పాస్డెన్ లాంటి హోస్టులు ఒక చిన్న డైలాగ్ వినిపించి దాని మీద కబుర్లు చెప్పుకుంటున్నట్టే పాఠం చెప్పేవాళ్ళు, న్యూబీ నుంచి అడ్వాన్స్‌డ్ దాకా లెవెల్స్ ఉండేవి, ఇప్పుడు వస్తున్న షోలు చాలావరకు ఆ దారిలోనివే. రెండో రకం స్లో చైనీస్ లాంటివి, ఇంగ్లీష్ ముక్క లేకుండా ఒక మనిషి ఒక టాపిక్ తీసుకుని నిదానంగా చైనీస్‌లోనే మాట్లాడతారు. మూడో రకం చైనా వాళ్ళు తమ కోసం తాము చేసుకునే మామూలు కబుర్ల పాడ్‌కాస్టులు, అవి నేర్చుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు కాబట్టి స్పీడ్ తగ్గించరు ఏమీ తగ్గించరు. ఇవి వినడానికే ప్రత్యేకంగా అక్కడ షియావ్ యూజోవ్ అనే యాప్ ఉంది, చిన్న విశ్వం అని ఆ పేరుకి అర్థం. నేను ఇప్పటికీ మూడో రకంలో సగం కూడా పట్టుకోలేను, అందుకే ఈ రివ్యూ ముఖ్యంగా మొదటి రెండు రకాల గురించే అనుకోండి.

మొదటి రకంలో పాఠం ఎలా ఉంటుందో ఒకటి చెప్తా. పన్నెండు నిమిషాల ఎపిసోడ్. ఒకావిడ ఆఫీసుకి ఆయాసపడుతూ లేటుగా వస్తుంది, ఏమైంది అని కొలీగ్ అడుగుతాడు, ఆవిడ "త్యెన్‌థీ హువాయ్ ల" అంటుంది. లిఫ్ట్ పాడైపోయింది అని. డైలాగ్ మొత్తం కలిపి ఆరు లైన్లు ఉంటుందేమో. మొదటిసారి మామూలు స్పీడ్‌లో వేస్తారు, ఏమీ అర్థం కాదు, తర్వాత ఒక్కో లైను విడదీసి చెప్తారు, చివర్లో మళ్ళీ అదే స్పీడ్‌లో వేస్తారు, ఈసారి ప్రతి మాటా విడివిడిగా వినపడుతుంది. పది నిమిషాల క్రితం గోలలా ఉన్నది ఇప్పుడు మాటల్లా వినపడటం, ఆ అనుభవం క్లాసులో నాకు అంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. ఎనిమిది నెలలు ఒక్కరోజు మానకుండా విన్నానంటే దీనికోసమే.

ఆ లైను చివర వచ్చే "ల" ఉంది చూడండి, చైనీస్ నేర్చుకునే ప్రతివాళ్ళనీ ఏడిపించేది అదే. హోస్టులు దాన్ని రకరకాలుగా వివరించారు, పని పూర్తయిందని ఒకసారి, పరిస్థితి మారిందని ఒకసారి, నాకు ఏదీ నిలవలేదు. కానీ వినగా వినగా ఒకరోజు నాకే తట్టింది, ఇది మన "పోయింది" కదా అని. హువాయ్ ల అంటే పాడైపోయింది, వాంగ్ ల అంటే మర్చిపోయా, ౘోవ్ ల (ౘ అంటే చాపలో చ) అంటే వెళ్ళిపోయాడు. మనం కూడా పాడైంది అనొచ్చు, కానీ పాడైపోయింది అంటేనే మాట నిండుగా ఉంటుంది, అచ్చం అలాగే. ప్రతిచోటా కుదరదు లెండి, వాన మొదలైంది అనడానికి "శ్యా యూ ల" అంటారు, అక్కడ మనకి పోయింది రాదు, అయినా ఇందాక లేనిది ఇప్పుడు వచ్చింది అనే మార్పు అక్కడా ఉంది. ఇలాంటివి వందసార్లు వింటే తప్ప తట్టవు, అన్నిసార్లు వినిపించే ఓపిక క్లాసుకి ఉండదు. ఇది పాడ్‌కాస్ట్‌కి నేనిచ్చే పెద్ద మార్కు.

ఇంకోటి కూడా అంతే. నువ్వెలా ఉన్నావు అని అడిగాక "నీ న?" అని తిరిగి అడుగుతారు. ఆ "న" ప్రశ్నార్థకం అని పుస్తకంలో ఉంటుంది, మరి "మా" కూడా ప్రశ్నార్థకమే కదా తేడా ఏంటి అంటే పుస్తకం మూడు పేరాలు చెప్తుంది. పాడ్‌కాస్ట్‌లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాక నాకు ఒక్కటే అనిపించింది, అది "మరి నువ్వు?"లో ఉన్న మరి. అలాగే "ౘోవ్ ప" అంటే వెళ్దాం పద. తెలుగు వాళ్ళకి ఈ చిన్న ముక్కలు కష్టం కాకూడదు అసలు, కదా, లే, మరి, పద అని మనం రోజంతా మాటల చివర తగిలిస్తూనే ఉంటాం.

ఇన్ని మంచి మాటలు చెప్పి మళ్ళీ క్లాసు ముందు అంటావేంటి అంటే, అక్కడికే వస్తున్నా.

క్లాసులో నన్ను రెండో లెవెల్‌లో కూర్చోబెట్టారు, లిజనింగ్ టెస్ట్ బాగా రాశా కాబట్టి. మొదటి క్లాసులో మేడమ్ మమ్మల్ని ఒక్కొక్కళ్ళని రెండు లైన్లు చదవమన్నారు. నా వంతు వచ్చింది, చదివా, ఆవిడ ఏమీ అనకుండా నోట్‌బుక్‌లోంచి ఒక సన్నటి కాగితం చింపి నా పెదాల ముందు పట్టుకున్నారు. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లీష్ అక్షరాలతో రాసే పద్ధతిలో, బి అని రాసే శబ్దం పలకమన్నారు, కాగితం కదిలింది. పి అని రాసేది పలకమన్నారు, కాగితం అంతే కదిలింది. బికి కాగితం కదలకూడదు, పికి ఎగిరిపోవాలి అని ఆవిడే పలికి చూపించారు, నిజంగానే బికి కాగితం రాయిలా నిలబడింది, పికి పటపటా కొట్టుకుంది. ఎనిమిది నెలల్లో ఒక్క హోస్ట్ కూడా నాకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పినా నేను తప్పు పలుకుతున్నా అని వాళ్ళకి తెలిసే దారి లేదు కదా, నా మాట వాళ్ళకి వినపడదు.

ఆ రోజు ఇంటికొచ్చి కూర్చుని రాసుకున్నా, అప్పుడు ఆశ్చర్యం వేసింది, మన అక్షరమాలలో ఇదంతా ముందే ఉంది. పిన్‌యిన్ చైనా ప్రభుత్వం 1958లో ఖరారు చేసిన రోమన్ లిపి పద్ధతి, అందులో అక్షరాలు ఇంగ్లీషువే అయినా శబ్దాలు ఇంగ్లీషువి కావు. బి అని రాసేది నిజానికి ప, పి అని రాసేది గట్టి ఒత్తుతో ఫ. డి అంటే త, టి అంటే థ. జి అంటే క, కె అంటే ఖ. అంటే మనం బీజింగ్ అని రాసేది వాళ్ళ నోట్లో పెయ్‌చింగ్‌కి దగ్గర, పాడ్‌కాస్ట్‌ని చైనీస్‌లో ఏమంటారో తెలుగులో సరిగ్గా రాయాలంటే పోఖ అని రాయాలి. ఇంగ్లీష్ ద్వారా వెళ్తే బి అనగానే నోరు బ అంటుంది, అక్కడే మొత్తం పాడవుతుంది. నేను విన్న పాడ్‌కాస్టులన్నీ ఇంగ్లీష్‌లో నేర్పేవే, వాటిల్లో ఇంగ్లీష్ మాటలతో పోల్చి చెప్తారు, ఇంగ్లీష్ నోటికి అది సరిపోతుంది, మన నోటికి సరిపోదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మనం ఫలం అన్నప్పుడు చాలామందికి వచ్చేది ఇంగ్లీష్ ఎఫ్, అసలు ఫ కాదు. చైనీస్‌లో ఎఫ్ శబ్దం వేరే ఉంది. భయపడటానికి వాడే మాట ఒత్తు ఫతో "ఫా", జుట్టు అనే మాట ఎఫ్‌తో మొదలవుతుంది, టోన్, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తే దించే తీరు, అది కూడా ఒకటే, కిందికి పడేది. పెదాలు రెండూ మూసి వదలకపోతే భయం కాస్తా జుట్టు అయిపోతుంది. కాగితం పట్టుకుని ఈ ఒక్కదాన్నే నేను రెండు వారాలు ప్రాక్టీస్ చేశా.

ఇంకా చెప్తా, ఇది తెలుగు వాళ్ళందరికీ ఉపయోగపడుతుంది. పిన్‌యిన్‌లో జడ్ అని రాసేది మన చాప, చుక్క, చలిలో ఉండే దంత్య చ. చిలకలో చ కాదు, చాపలో చ. ఇప్పుడు ఈ తేడా పలకనివాళ్ళు కూడా ఉన్నారు కానీ పలికేవాళ్ళకి ఇది అప్పనంగా వచ్చేసినట్టే, ఇంగ్లీష్ వాళ్ళు దీనికోసం చాలా కష్టపడతారు. శ, ష, స కూడా అంతే. ఎక్స్ అని రాసేది శకి దగ్గర, ఎస్ హెచ్ అని రాసేది నాలుక వెనక్కి మడిచే ష, ఎస్ అంటే స. పడమర, కవిత, పట్టు ఈ మూడు మాటలకీ చైనీస్‌లో టోన్ ఒకటే, మొదటి శబ్దం శనా షనా సనా అనే దగ్గరే దారులు వేరవుతాయి. శబ్దం మారితే వెనక వచ్చే అచ్చు రంగు కూడా కొంచెం మారుతుంది. మాట్లాడేటప్పుడు మనం శ, ష పెద్దగా పట్టించుకోం, అక్కడ పట్టించుకోకపోతే వేరే మాట అయిపోతుంది. శకి నాలుక కొస కింది పళ్ళకి తగిలి ఉండాలి అని మేడమ్ చెప్పారు, ఆ ఒక్క ముక్క చెప్పగానే నాకు వచ్చేసింది. నాలుక ఎక్కడ పెట్టాలో చెవితో వినలేం, నోట్లోకి చూసి చెప్పే మనిషి కావాలి.

ఇక టోన్లు. అందరూ టోన్లు కష్టం అంటారు, నాకు పలకడం కష్టం కాలేదు, పలికిన టోన్‌ని వాక్యంలో నిలబెట్టుకోవడం కష్టమైంది. కొనడం, అమ్మడం రెండూ "మై" అనే శబ్దమే, కొనడం గొంతు కిందికి దించి మూడో టోన్‌లో, అమ్మడం పైనుంచి కిందికి కొట్టినట్టు నాలుగో టోన్‌లో. నేను కొనను అని చెప్పాలి, "వో పు మై". విడిగా మై అంటే సరిగ్గానే వచ్చేది, వాక్యంలో పెట్టగానే చివర్లో మనకి అలవాటైన పద్ధతిలో గొంతు టక్కున పడేది, నేను అమ్మను అయిపోయేది. ప్రశ్న అడిగితే ఇంకో తప్పు, మనకి ప్రశ్నలో గొంతు పైకి లేస్తుంది కాబట్టి చివరి మాట టోన్ మొత్తం పైకి లేచే రెండోది అయిపోయేది. ఈ తప్పు నేను ఎనిమిది నెలలు చేశా, ఎపిసోడ్ ఆపి రిపీట్ చేసిన ప్రతిసారీ తప్పే రిపీట్ చేశా. నా చెవికి అది కరెక్ట్‌గానే వినపడింది, అదే బాధ.

అదే చోట పాడ్‌కాస్ట్ చెవి నాకు ఒక మేలు కూడా చేసింది. కొనను, అమ్మను అన్నప్పుడు ముందు వచ్చే "పు" కూడా మారుతుంది, వెనక నాలుగో టోన్ ఉంటే పు పైకి లేస్తుంది, అంటే అమ్మను అన్నప్పుడు లేస్తుంది, కొనను అన్నప్పుడు లేవదు. ఈ రూల్ క్లాసులో చెప్పేసరికి అది నాకు చెవిలో ముందే ఉంది, రూల్ అని తెలీదు అంతే. క్లాసులో మిగతావాళ్ళు రూల్ గుర్తుచేసుకుని ఆలోచించి పలుకుతుంటే నాకు అక్కడ ఆలోచన అక్కర్లేకపోయింది.

మూడో టోన్ విషయంలో అయితే పాడ్‌కాస్టే గెలిచింది అంటా. క్లాసులో బోర్డు మీద కిందికి దిగి పైకి లేచే గీత గీసి అందరితో అలాగే సాగదీసి పలికించారు. కానీ ఎవరైనా మామూలుగా మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో మూడో టోన్ కింద ఉండిపోతుంది, పైకి లేవదు. రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్ అయిపోతుంది, అందరికీ తెలిసిన నీ హావ్ కూడా అంతే. నేను కూడా బాగున్నా అనడానికి "వో యే హెన్ హావ్" అంటారు, నాలుగూ మూడో టోన్లే, ఎక్కడ కలిపి ఎక్కడ విడదీస్తారో దాన్నిబట్టి మారుతుంటాయి. పాడ్‌కాస్టుల్లో ఇది వినివిని ఉండటం వల్ల నా వాక్యం సాఫీగా పోయేది, మా బ్యాచ్‌లో గీత ప్రకారం పలికేవాళ్ళు మెట్లెక్కి దిగుతున్నట్టు మాట్లాడేవాళ్ళు. మేడమ్ కూడా ఆ మాట అన్నారు, నీ శబ్దాలు తప్పు కానీ నీ లయ బాగుంది అని.

ఇంకా క్లాసులో వినపడే గొంతు ఒక్కటే. అదీ నేర్చుకునేవాళ్ళ కోసం నెమ్మదిగా, ప్రతి అక్షరం విడగొట్టి మాట్లాడే గొంతు. పాడ్‌కాస్టుల్లో పెయ్‌చింగ్ వాళ్ళు మాటల చివర నాలుక మడిచి ర లాంటిది తగిలించడం, దక్షిణాది వాళ్ళు షని స చేసేయడం, తైవాన్ వాళ్ళు చెత్తని వేరేలా పలకడం అన్నీ వింటాం. చెత్తకి మెయిన్‌ల్యాండ్‌లో లాచీ, తైవాన్‌లో లస, రాత ఒకటే పలుకు వేరు. ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు ఒకటిని యీ అనకుండా యావ్ అంటారని కూడా నేను పాడ్‌కాస్ట్‌లోనే విన్నా, మా క్లాసులో అది చాలా లేటుగా వచ్చింది. మాట మాటకీ మధ్య వచ్చే "రాన్‌హోవ్" కూడా అంతే, మనం తర్వాత, తర్వాత అంటూ కథ లాగుతాం చూడండి, అచ్చం అది.

క్లాసు గురించి నా కంప్లైంట్లు కూడా చెప్పాలి. తొంభై నిమిషాల క్లాసు, పద్నాలుగు మందిమి. పాఠం, బోర్డు, హోంవర్క్ చూడటం అన్నీ పోగా నేను నోరు విప్పి చైనీస్ మాట్లాడేది నాలుగు నిమిషాలు ఉంటే గొప్ప. మిగతా టైమ్ పక్కవాళ్ళ తప్పు చైనీస్ వినడమే, అది చెవికి మంచిది కాదు. ఒక వారం మిస్ అయితే రెండు వారాలు వెనకపడతాం. నేను మొదట చేరిన బ్యాచ్‌లో అయితే మూడు నెలల్లో టీచర్ మారిపోయారు, కొత్తగా వచ్చినాయన పాఠం చదివించి అనువాదం రాయించడం తప్ప ఎవరి ఉచ్చారణా సరిచేయలేదు. అలాంటి క్లాసుకి వెళ్ళే బదులు ఇంట్లో పాడ్‌కాస్ట్ వినడమే నయం, నేను నిజంగానే అంటున్నా. క్లాసుకి వెళ్ళేదే తప్పు పట్టించుకోడానికి, తప్పు పట్టని క్లాసు నాకెందుకు. చేరే ముందు ఒక డెమో క్లాసులో కూర్చుని టీచర్ ఎంతమందిని మధ్యలో ఆపి సరిచేస్తున్నారో లెక్కపెట్టండి, నేను బ్యాచ్ మారేటప్పుడు అదే చేశా.

అక్షరాల విషయంలో పాడ్‌కాస్ట్ చేయగలిగింది ఏమీ లేదు. చైనీస్‌లో టోన్లు తీసేస్తే సుమారు 400 సిలబుల్సే ఉన్నాయి, టోన్లతో కలిపి లెక్కేసినా 1300 దాకా, అన్ని మాటలూ వాటిల్లోనే సర్దుకోవాలి. నాలుగో టోన్‌లో షి అంటే అవ్వడం, పని, నగరం, గది, ప్రయత్నించడం ఇంకా చాలా. అతను, ఆమె, అది మూడూ "థా"నే, వినడానికి ఏమీ తేడా లేదు, రాస్తేనే తెలుస్తుంది. కొనడం, అమ్మడం గురించి చెప్పా కదా, రాతలో అమ్మడానికి కొనడం గుర్తు మీదే నెత్తిన ఒక చిన్న కూడిక గుర్తు లాంటిది పెడతారు. అది చూసిన రోజు నుంచి ఆ రెండూ నాకు కలవలేదు.

ఇంకా బాగా గుర్తున్నది "త్యెన్" పాఠం. లిఫ్ట్ త్యెన్‌థీ, ఫోన్ త్యెన్‌హువా, కంప్యూటర్ త్యెన్‌నావ్, సినిమా త్యెన్‌యింగ్, టీవీ త్యెన్‌షి, ఈ అయిదూ నాకు పాడ్‌కాస్టుల వల్ల ముందే వచ్చు, అయిదు వేరువేరు మాటలుగా వచ్చు. మేడమ్ బోర్డు మీద ఒకే గుర్తు అయిదుసార్లు కిందకి రాసుకుంటూ వెళ్ళి పక్కన నిచ్చెన, మాట, మెదడు, నీడ, చూడటం అని పెట్టారు. కరెంటు నిచ్చెన, కరెంటు మాట, కరెంటు మెదడు, కరెంటు నీడ. నేను ఎనిమిది నెలలు నోటితో పలికినవి ఇవా అనిపించింది. దూరదర్శన్, దూరవాణి మనకి ఎలా విడిపోయి కనపడతాయో అలా. ఆ తర్వాత నుంచి కొత్త మాట వినగానే లోపల ఏ గుర్తులు ఉంటాయో అని ఊహించడం అలవాటైంది, మాటలు గుర్తుండటం అక్కడ్నుంచే మొదలైంది.

పరీక్ష రాయాలనుకునేవాళ్ళకి క్లాసు తప్పదు. హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ స్థాయి పరీక్షలో 2010లో వచ్చిన ఆరు లెవెల్స్ లెక్కలో ఒకటికి 150 మాటలు, రెండుకి 300, మూడుకి 600, నాలుగుకి 1200, అయిదుకి 2500, ఆరుకి 5000. 2021లో తొమ్మిది లెవెల్స్‌తో కొత్త ప్రమాణాలు కూడా ప్రకటించారు, చేరే ముందు ఏ సిలబస్ చెప్తున్నారో అడగండి. ఆరు లెవెల్స్ పద్ధతిలో మూడో లెవెల్ దాకా లిజనింగ్ రెండుసార్లు వినిపిస్తారు, నాలుగు నుంచి ఒక్కసారే. నాలుగో లెవెల్ మాక్ టెస్ట్‌లో మా బ్యాచ్ చాలామంది అక్కడే ఇబ్బంది పడ్డారు, నాకు లిజనింగే అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది, రైటింగ్ అన్నిటికన్నా తక్కువ. నేను దేని మీద ఎంత కూర్చున్నానో మార్కుల్లో అలాగే వచ్చింది.

టైమ్ లెక్క ఒకటి చూసుకోండి, రోజుకి పావుగంట చాలు అని చెప్పే యాడ్స్ నమ్మకుండా ఉండటానికి. అమెరికా ప్రభుత్వం డిప్లొమాట్లకి భాషలు నేర్పే సంస్థ మాండరిన్‌కి, అంటే మనం ఇక్కడ చైనీస్ అంటున్న భాషకి, 88 వారాలు, 2200 క్లాసు గంటలు లెక్కేస్తుంది, అదీ ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకి, ఉద్యోగంలో మంచి స్థాయికి రావడానికి. రోజుకి పావుగంట పాడ్‌కాస్ట్ అంటే ఏడాదికి 91 గంటలు. వారానికి రెండు తొంభై నిమిషాల క్లాసులంటే ఒక్కటీ మానకపోతే 156. రెండూ కలిపినా 250 రావు. అందుకని ఏది మంచిది అని వాదించుకునే బదులు రెండిట్లోనూ గంటలు పెంచుకునే దారి చూడాలి, ఆ గంటలు పెంచే పని మాత్రం పాడ్‌కాస్ట్ వల్లే అవుతుంది, నడుస్తూ ప్రయాణాల్లో వినొచ్చు.

కానీ వినడంలో కూడా తేడా ఉంది. నేను మొదట్లో గిన్నెలు కడుగుతూ వరసగా నాలుగేసి ఎపిసోడ్లు వినేదాన్ని, నెలకి నలభై యాభై అయ్యేవి, లెక్క చూసుకుని సంతోషపడేదాన్ని. ఒకరోజు రెండు నెలల క్రితం విన్న ఎపిసోడ్ మళ్ళీ వేస్తే డైలాగ్‌లో సగం కొత్తగా వినపడింది. చైనీస్‌లో "థింగ్ పు తోంగ్" అంటారు, చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు అని, ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ రోజు నుంచి వారానికి మూడే ఎపిసోడ్లు, ఒక్కోటి ఆరేడుసార్లు. ముందు ఊరికే వినడం, తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తూ, తర్వాత మళ్ళీ చూడకుండా, చివరికి వాళ్ళతో పాటు పలుకుతూ నా గొంతు రికార్డ్ చేసుకుని పక్కపక్కన పెట్టి వినడం. ఆ పద్ధతిలో మూడు నెలల్లో వచ్చింది ముందు ఎనిమిది నెలల్లో రాలేదు.

పాడ్‌కాస్ట్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండు. ట్రాన్స్‌క్రిప్ట్ చైనీస్ గుర్తులతో సహా ఉండాలి, లేకపోతే ఎంత మంచి షో అయినా నేను వినను, మొదటి నెలలు దాటాక పిన్‌యిన్ ఒక్కటే ఇస్తే సరిపోదు. రెండోది, పది నిమిషాల ఎపిసోడ్‌లో చైనీస్ ఎంత వస్తుందో గడియారం పెట్టి చూడండి. నేను విన్న ఒక షోలో పదిహేను నిమిషాల్లో చైనీస్ రెండు నిమిషాలు కూడా లేదు, మిగతాదంతా హోస్టులు ఇంగ్లీష్‌లో జోకులు వేసుకోవడం. మొదటి నెలలో అది తోడుగా అనిపిస్తుంది, నాలుగో నెలలో కూడా అదే వింటున్నామంటే మనం ఇంగ్లీష్ షో వింటున్నట్టు. ఇంటర్మీడియట్‌కి వెళ్ళే ధైర్యం కొంచెం ముందే చేయండి, సగం అర్థం కాకపోయినా పర్లేదు.

స్టార్లు ఇవ్వమంటే పాడ్‌కాస్ట్‌కి వినడంలో అయిదు, ఉచ్చారణలో ఒకటి, రాతలో సున్నా. తప్పులు పట్టే టీచర్ ఉన్న క్లాసుకి ఉచ్చారణలో అయిదు, రాతలో నాలుగు, వినడంలో రెండు. టీచర్ అలాంటివాళ్ళు కాకపోతే దానికి స్టార్లు ఇవ్వలేను.

ఇప్పుడు నేను చేస్తున్నది ఏంటంటే ఆ వారం విన్న ఎపిసోడ్‌లోంచి రెండు లైన్లు గుర్తులతో కాగితం మీద రాసుకుని క్లాసుకి పట్టుకెళ్తున్నా. క్లాసు మొదలయ్యే ముందు అయిదు నిమిషాలు మేడమ్ దగ్గర చదువుతా, రాతలో తప్పు గీత ఉంటే ఆవిడ ఎర్ర పెన్‌తో దిద్దుతారు, పలుకులో తప్పుంటే ఆపుతారు. పోయిన వారం తీసుకెళ్ళింది ఆ లిఫ్ట్ ఎపిసోడే, రెండేళ్ళ తర్వాత మళ్ళీ విన్నా. త్యెన్‌థీ అన్నప్పుడు మేడమ్ పాత కాగితం ముక్క తీసి నా పెదాల ముందు పెట్టారు, త దగ్గర కదల్లేదు, థ దగ్గర ఎగిరింది. హువాయ్ దగ్గర మాత్రం ఆపి, ఇంకా గట్టిగా కిందికి కొట్టు అన్నారు, ఈ వారం దాని మీదే ఉన్నా.